ఇల్లు వచ్చింది సరే, తోడెవరు?

సంక్షేమ పథకాల అధ్యయన పాఠం: ఒంటరి మహిళలు, వృద్ధులు, దివ్యాంగులు, ఇల్లు లేనివారి గృహాలపై పరిశోధనలు ఏం చెబుతున్నాయి

ఎవరి కోసం: సచివాలయ సిబ్బంది, పొదుపు సంఘాల లీడర్లు, వికలాంగుల సంఘాల సభ్యులు, ఇంటికి దరఖాస్తు పెట్టుకున్నవారు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలను మనసులో పెట్టుకుని రాసినది. చదివి మీ గ్రూపుల్లో పంపండి.

ముందుగా ఒక అవ్వ సంగతి. పేరు అక్కర్లేదు. కళ్యాణదుర్గం పక్క ఏ ఊరికి పోయినా ఇట్లాంటి అవ్వ ఒకామె కనిపిస్తుంది. మొగుడు పోయి ఏళ్లయింది. కొడుకూ కోడలూ బెంగుళూరులో బిల్డింగు పనికి పోయినారు, ఉగాదికో ఊరి జాతరకో వస్తారు. ఆమె ఉండేది పాత చౌడు మిద్దె. వానొస్తే ఒక మూల ఉరుస్తుంది. ఊరికి రెండు కిలోమీటర్ల అవతల లేఅవుట్‌లో ఆమె పేరు మీద ఇల్లు మంజూరైంది, స్లాబు పడింది, తలుపులు బిగించినారు. ఆన్‌లైన్‌లో చూస్తే "పూర్తయింది" అని వస్తుంది. అవ్వ మాత్రం పాత మిద్దెలోనే ఉంది. కొత్తింటికి తాళం.

"ఎందుకవ్వా పోలేదు?" అని అడిగితే ఆమె చెప్పేది ఒకటే మాట. "ఆడికి పోతే రాత్రి పూట నాకేమన్నా అయితే పలకరించే దిక్కెవరుండారు నాయనా?"

ఈ పాఠమంతా ఆ ప్రశ్న గురించే. ప్రభుత్వ లెక్కలో ఆమె ఇల్లున్న మనిషి. ఆమె లెక్కలో ఆ ఇల్లు ఇంకా ఇల్లు కాలేదు. ఈ రెండు లెక్కల మధ్య తేడాను ప్రపంచంలో చాలాచోట్ల ముప్పై ఏళ్లకు పైగా పరిశోధకులు కొలుస్తున్నారు. గోడలూ కప్పూ మాత్రమే ఇవ్వకుండా, మనిషికి కావలసిన ఆసరాను (మందులు, పింఛను, పలకరింపు, అత్యవసరంలో తోడు) ఇంటితో కలిపి ఇచ్చే పద్ధతిని ఇంగ్లీషులో సపోర్టివ్ హౌసింగ్ అంటారు. మనం ఇక్కడ "తోడున్న ఇల్లు" అనుకుందాం. ఆసరా అనే పేరుతో వేరే పథకాలు ఉన్నాయి కాబట్టి ఆ మాట వాడటం లేదు, గందరగోళం అవుతుంది.

ముందు ఇల్లా, ముందు వైద్యమా?

పాత పద్ధతి మెట్ల లాంటిది. వీధిలో ఉన్న మనిషి ముందు షెల్టరుకు రావాలి, మందు మానాలి, వైద్యం చేయించుకోవాలి, క్రమశిక్షణగా ఉన్నానని నిరూపించుకోవాలి. చివరి మెట్టు మీద ఇల్లు. చాలామంది మధ్య మెట్లలోనే జారిపోయి మళ్లీ వీధికి వచ్చేవారు.

1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వ నిపుణుడు దీన్ని తిరగేశాడు. మానసిక జబ్బుతో వీధుల్లో ఉన్నవాళ్లకు షరతులేమీ లేకుండా ముందు ఇల్లే ఇచ్చాడు, వైద్యమూ తోడూ ఆ తరువాత ఇంటికే వచ్చేటట్లు చేశాడు. దీనికే "హౌసింగ్ ఫస్ట్" అని పేరు. ఇల్లిస్తే పాడుచేస్తారు, రెండు నెలలుండరు అన్నవాళ్లే ఎక్కువ. నిజం తేల్చడానికి కెనడా ప్రభుత్వం 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో పెద్ద ప్రయోగం చేసింది. ఇల్లు లేక, మానసిక జబ్బుతో ఉన్న 2 వేల మందికి పైగా మనుషులను లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరికి ఇల్లూ తోడూ కలిపి ఇచ్చింది, మిగతావాళ్లకు మామూలుగా ఉండే సేవలే. ఇల్లు ముందుగా దొరికినవాళ్లు ఇంట్లో నిలకడగా ఉండటం చాలా ఎక్కువని తేలింది. ఫిన్లాండ్ 2008 నుంచి దీన్నే జాతీయ విధానం చేసుకుంది. ఫ్రాన్స్ 2011లో నాలుగు నగరాల్లో మొదలుపెట్టింది.

అయితే ఒక మాట దాచకూడదు. ఇల్లిస్తే జబ్బులన్నీ తగ్గిపోతాయని మొదట్లో గట్టిగా ప్రచారం చేసినారు. అమెరికా జాతీయ అకాడెమీలు 2018లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి ఒక నివేదిక ఇచ్చాయి. దాని సారం: తోడున్న ఇల్లు మనిషిని ఇంట్లో నిలబెడుతుంది, అది రుజువైంది. ఆరోగ్యం బాగుపడుతుందనడానికి మాత్రం గట్టి రుజువులు తక్కువ. ఒక్క హెచ్‌ఐవీ ఉన్నవారి విషయంలోనే స్పష్టమైన మేలు కనిపించింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ప్రతిరోజూ ఒకే వేళకు మాత్ర వేసుకోవాలంటే మాత్రలు పెట్టుకోవడానికి ఒక గూడు, తినడానికి ఒక ముద్ద, ఎవరూ తరిమేయని ఒక చోటు కావాలి. బత్తలపల్లి ఆసుపత్రిలో మందులు తీసుకుంటూ సుగ్గికి పోయి వచ్చే కూలీల సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. వలస పోయిన నెలల్లోనే మందులు తప్పిపోతాయి.

దూరం అనే జబ్బు

మన ప్రాంతానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చే పరిశోధన అహ్మదాబాద్‌ది. 1987లో అక్కడ సేవా సంఘంలో ఉన్న పేద మహిళలకు లాటరీ తీసి, నగరం నుంచి దాదాపు 12 కిలోమీటర్ల అవతల కొత్త ఇళ్లు ఇచ్చారు. మురికివాడలో ఉన్న ఇంటి కంటే అవి అన్ని విధాలా మేలైనవి. 14 ఏళ్ల తరువాత షారన్ బార్న్‌హార్ట్, ఎరికా ఫీల్డ్, రోహిణీ పాండే అనే ఆర్థికవేత్తలు వెళ్లి చూశారు. లాటరీ తగిలినవాళ్లలో 34 శాతం మంది అసలు ఆ ఇంటికి పోనేలేదు. మరో 32 శాతం మంది పోయి, తరువాత వదిలేశారు. ఉన్నవాళ్ల ఆదాయం పెరగలేదు, పిల్లల చదువూ మారలేదు. మారింది ఒక్కటే: కష్టమొస్తే చేబదులిచ్చే అక్కచెల్లెళ్లకు, కులస్తులకు, పాత ఇరుగుపొరుగుకు వాళ్లు దూరమైపోయారు.

ఈ లెక్క చదివి మన లేఅవుట్లలో తాళం వేసిన ఇళ్లను చూడండి. "ఉచితంగా ఇస్తే విలువ తెలీదు వీళ్లకు" అని తిట్టడం సులభం. కానీ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, శెనక్కాయ పంట మూడేళ్లలో రెండేళ్లు ఎండిపోయే చోట, పేదోడి అసలైన ఇన్సూరెన్స్ పక్కింటోళ్లే. ఊరి నడుమ ఉన్న ఉరిసే మిద్దెలో ఆ ఇన్సూరెన్స్ ఉంది. రెండు కిలోమీటర్ల అవతల స్లాబు కింద లేదు. అవ్వ తెలివితక్కువది కాదు, ఆమె లెక్క సరిగ్గానే వేసింది.

అట్లాగని కొత్త ఇల్లు వద్దనడం కాదు. మట్టి నేల, ఉరిసే కప్పు మనిషిని తినేస్తాయి. మెక్సికోలోని కోవహుయిలా రాష్ట్రంలో పేదల ఇళ్లలో మట్టి నేల తీసి సిమెంటు నేల మాత్రమే వేయించారు. అంతే, వేరే ఏమీ లేదు. పిల్లల కడుపులో పురుగులు, విరేచనాలు, రక్తహీనత తగ్గాయి, తల్లుల మనసు కూడా కుదుటపడిందని 2009లో అచ్చయిన పరిశోధన చెప్పింది. కాబట్టి గట్టి ఇల్లు మేలే. ఎక్కడ కడుతున్నాం, చుట్టూ ఎవరున్నారు అనేది కూడా ఇంటిలో భాగమే. పాత స్థలంలోనే కట్టుకునే అవకాశం ఉంటే వృద్ధులకు, ఒంటరి మహిళలకు ముందు దాన్నే చూడండి. లేఅవుట్ తప్పనిసరి అయితే ఒకే వీధి వాళ్లకు పక్కపక్క ప్లాట్లు వచ్చేలా పంపకం రోజే అడగండి. ఒకసారి పట్టా చేతికొచ్చినాక మార్చడం చాలా కష్టం.

పట్టా ఎవరి పేరు మీద?

ఇంటికి తోడు బయటి నుంచే రానక్కర్లేదు. కొన్నిసార్లు కాగితమే తోడు. 2005లో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 502 మంది వివాహిత మహిళలను అడిగి ఒక పరిశోధన అచ్చు వేశారు. పొలం గానీ ఇల్లు గానీ తమ పేరు మీద లేని మహిళల్లో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నామన్నారు. పొలం మాత్రమే ఉన్నవాళ్లలో అది 18 శాతం. ఇల్లు మాత్రమే ఉన్నవాళ్లలో 10 శాతం. రెండూ ఉన్నవాళ్లలో 7 శాతం. పొలం కంటే ఇల్లు ఎక్కువ కాపాడుతోందన్నది గమనించండి. పొలం ఉన్నా రాత్రికి రాత్రి పోయి ఉండటానికి కుదరదు. తన పేరు మీద ఇల్లుంటే "బయటికి పో" అనే మాట ఎవరు ఎవరికి చెప్పాలో తేలిపోతుంది.

ఈ సంగతి అనంతపురం ముందే తెలుసుకుంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, అదే మనం ఆర్‌డీటీ అనేది, ఎస్సీ, ఎస్టీ, బీసీ కాలనీల్లో వేల ఇళ్లు కట్టింది. ఆ ఇళ్లు ఆడవాళ్ల పేరు మీద రిజిస్టరు చేయించడం దాని పద్ధతి. పరిశోధనా పత్రాలు వచ్చి చెప్పకముందే ఊళ్లలో సంఘాల ఆడవాళ్ల మాటలు విని ఆ నిర్ణయం తీసుకున్నారనుకోవచ్చు. ఇళ్లతో పాటు ఆసుపత్రి, బడి, వికలాంగుల సంఘాలు కూడా అదే కొంగుకు ముడేసి నడిచాయి. "తోడున్న ఇల్లు" అని పేరు పెట్టకపోయినా పని అదే.

వృద్ధులకు ఇక్కడే ఒక హెచ్చరిక. ప్రేమ కొద్దీ ఇల్లు కొడుకు పేరు మీద రాసిచ్చేసి, తరువాత అరుగు మీద పడుకునే తల్లిదండ్రులు ఉన్నారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం సెక్షన్ 23 ప్రకారం, చూసుకుంటారనే షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. దరఖాస్తు పెట్టుకునేది ఆర్డీవో దగ్గర. రాసిచ్చేటప్పుడు ఆ షరతు కాగితంలో ఉండేలా చూసుకోండి. లేకపోతే తరువాత వాదన పెరుగుతుంది.

మానసిక జబ్బు నయమైనా ఇంటికి పోలేనివాళ్లు

ఇది చెప్పడానికే కష్టంగా ఉండే విషయం. దేశంలోని 43 ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో చేసిన సర్వే 2019లో బయటికి వచ్చింది. లోపల ఉన్నవాళ్లలో మూడో వంతుకు పైగా ఏడాది దాటి అక్కడే ఉన్నారు. జబ్బు తగ్గకనే అందరూ ఉండిపోలేదు. తీసుకుపోయేవాళ్లు రాకపోవడం, పోవడానికి ఇల్లు లేకపోవడం పెద్ద కారణాలు.

చట్టం దీన్ని ఒప్పుకోదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ఇంటివాళ్లు వద్దన్నారని, ఉండటానికి చోటు లేదని ఎవరినీ ఆసుపత్రిలో ఉంచేయకూడదని సెక్షన్ 19 అంటుంది. వాళ్లు ఊళ్లో, వీధిలో అందరి మధ్య బతికేలా హాఫ్‌వే హోములు, తోడున్న వసతి ఏర్పాటు చేయడం ప్రభుత్వాల బాధ్యత.

ఎట్లా చేయాలో చూపినవాళ్లు మనకు పొరుగునే ఉన్నారు. చెన్నైలో 1993లో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ మొదలుపెట్టిన బ్యానియన్ సంస్థ, 2015 నుంచి "హోమ్ ఎగైన్" అనే పద్ధతి నడుపుతోంది. ఏళ్ల తరబడి సంస్థలో ఉండిపోయిన నలుగురైదుగురు మహిళలు కలిసి మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉంటారు. వాళ్లకు తోడుగా సహాయకురాలు ఒకామె ఉంటుంది. ఈ పొద్దు ఏం వండుకోవాలి, సంతకు ఎవరు పోవాలి, టీవీలో ఏది పెట్టాలి అనేది వాళ్లే తేల్చుకుంటారు. చిన్న విషయాలనిపిస్తాయి. ఇరవై ఏళ్లు ఎవరో పెట్టింది తిన్న మనిషికి "ఈ పొద్దు ఎర్రకారం దోసె వేసుకుందాం" అని చెప్పడమే పెద్ద మార్పు. ఇరుగుపొరుగుతో కలవడం, బయట తిరగడం పెరిగిందని వాళ్ల పరిశోధనలు చెబుతున్నాయి. ఈ పద్ధతి తమిళనాడు దాటి కేరళకు, అస్సాముకు పోయింది.

ఇంకా దగ్గరిది బళ్లారి. 1980ల్లో నిమ్హాన్స్ అక్కడే మానసిక వైద్యాన్ని పెద్దాసుపత్రి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెచ్చే నమూనా నడిపింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే పునాది. గుంతకల్లు నుంచి బస్సెక్కితే చేరిపోయే ఊరు అది. వైద్యం గడప దాకా వచ్చే దారి అక్కడ వేశారు, ఇల్లు మాత్రం ఆ దారిలో చేరలేదు.

మన పథకాల్లో ఏది ఎక్కడ ఉంది

ఒకే పథకంలో ఇల్లూ తోడూ రెండూ దొరకవు. వేరువేరు కాగితాల్లో ఉన్నవాటిని మనమే కలుపుకోవాలి.

గ్రామాల్లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద మైదాన ప్రాంతంలో కేంద్రం నిర్ణయించిన సాయం రూ.1.20 లక్షలు. దానికి ఉపాధి హామీ కింద 90 రోజుల కూలి, మరుగుదొడ్డికి రూ.12 వేలు కలుస్తాయని మార్గదర్శకాలు. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు, వంట చేసుకునే చోటుతో సహా. భిక్షాటనతో బతికేవారు, నీడ లేనివారు, చట్టబద్ధంగా విడుదలైన వెట్టి కార్మికులు, ఆదిమ గిరిజన కుటుంబాలు, చేతులతో మలం ఎత్తే పని చేసినవారు నేరుగా అర్హులు. భార్యాభర్తల ఉమ్మడి పేరు మీద గానీ మహిళ పేరు మీద గానీ మంజూరు చేయాలి. దివ్యాంగుల కోటాలో వచ్చిన ఇల్లు ఆ దివ్యాంగుడి పేరు మీదే ఉండాలి, అన్న పేరు మీదో బావ పేరు మీదో కాదు. ఎవరన్నా "మీకెందుకు, నా పేరు మీద రాయించుకుందాం" అంటే ఈ ముక్క చూపించండి.

ఈ పథకంలో నాకు నచ్చని నిబంధన ఒకటుంది. తరి పొలం రెండున్నర ఎకరాలు, లేదా మెట్ట పొలం ఐదెకరాలు, అంతకు మించి ఉంటే అనర్హులు. గోదావరి జిల్లాల్లో ఐదెకరాలున్నవాడు ఆసామి. కంబదూరు పక్క ఎర్ర నేలలో ఐదెకరాల ఒంటరి మహిళ, బోరు ఎండిపోయి, ఆ పొలానికే అప్పు తెచ్చి కూర్చుని ఉండొచ్చు. ఎకరాలు ఒక్కటే, కరువు ఒక్కటి కాదు. ఇట్లాంటి కేసు మీ ఊళ్లో ఉంటే నోటి మాటతో వదిలేయకండి. పరిస్థితి రాసి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, నంబరు తీసుకోండి. 1100కు ఫోను చేసి కూడా చెప్పవచ్చు.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో రెండు సెక్షన్లు గుర్తుంచుకోండి. సెక్షన్ 37: గృహ పథకాల కేటాయింపులో 5 శాతం రిజర్వేషన్, అందులో మహిళలకు ప్రాధాన్యం. సెక్షన్ 24: సంక్షేమ పథకాల్లో ఇతరులకు ఇచ్చే సాయం కంటే దివ్యాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలి. రూ.1.20 లక్షల మీద అది రూ.30 వేలు. ర్యాంపుకు, వెడల్పు తలుపుకు, కుర్చీ బల్ల ఉన్న మరుగుదొడ్డికి అయ్యే ఖర్చు అంతకు తక్కువేం కాదు. దరఖాస్తులో ఈ సెక్షన్ నంబరు రాసి, తమకు వచ్చే మొత్తం ఎంతో హౌసింగ్ ఏఈ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. పునాది వేసేటప్పుడే ర్యాంపు చెప్పాలి. బేస్‌మెంటు మూడడుగులు లేచినాక ర్యాంపు వేయాలంటే వాలుకు స్థలం చాలదు.

రాష్ట్రంలో మధ్యలో ఆగిపోయిన ఇళ్లకు 2025లో అదనపు సాయం ప్రకటించారు: ఎస్సీ, బీసీలకు రూ.50 వేలు, ఎస్టీలకు రూ.75 వేలు, ఆదిమ గిరిజనులకు రూ.1 లక్ష. మీ ఇల్లు ఏ దశలో ఆగిందో సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటు దగ్గర సరిచూసుకోండి. కట్టింది లింటెల్ దాకా, ఆన్‌లైన్‌లో ఉన్నది బేస్‌మెంటు అయితే బిల్లు రాదు.

పట్టణాల్లో అసలు ఇల్లే లేనివారికి పట్టణ నిరాశ్రయుల షెల్టర్లు ఉండాలి. 2010 నుంచి సుప్రీంకోర్టు దీన్ని వెంటాడుతోంది. ప్రతి లక్ష జనాభాకు 100 మంది పట్టే శాశ్వత షెల్టరు ఒకటి, రోజంతా తెరిచి ఉండాలి, మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు. 2011 జనగణనలో అనంతపురం నగర జనాభా దాదాపు 2.6 లక్షలు. అంటే ఆనాటి లెక్కకే 260 మందికి చోటు కావాలి. రైల్వే స్టేషను దగ్గర, ఆసుపత్రి ఆవరణలో రాత్రి పడుకునేవాళ్లను ఒకసారి లెక్కపెట్టి చూస్తే అవసరం మీకే తెలుస్తుంది. గృహ హింస నుంచి బయటికి వచ్చిన మహిళకు సఖి కేంద్రంలో ఐదు రోజుల దాకా తాత్కాలిక వసతి, అంతకు మించి కావాలంటే శక్తి సదన్. ఫోను 181.

ఇంటికి వచ్చే తోడు విషయంలో మనకు ఒక బలం ఉంది, దాన్ని మనం సరిగ్గా వాడుకోవడం లేదు. ఎన్టీఆర్ భరోసా పింఛను నెల మొదట్లో గడప దగ్గరికే వస్తుంది: వృద్ధులకు, వితంతువులకు, ఒంటరి మహిళలకు రూ.4 వేలు, దివ్యాంగులకు రూ.6 వేలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి రూ.15 వేలు. అంటే నెలకొకసారి ప్రభుత్వం తరఫు మనిషి ప్రతి ఒంటరి అవ్వ ముఖం చూస్తున్నాడు. ఫిన్లాండులో దీని కోసం జీతమిచ్చి మనుషులను పెడతారు. వేలిముద్ర వేయించుకుని వెనక్కి తిరగకుండా మూడు మాటలు అడిగితే చాలు. అవ్వా, రాత్రి ఎవరు తోడున్నారు? మాత్రలు అయిపోయినాయా? ఇల్లు ఎక్కడైనా ఉరుస్తోందా? జవాబు నోటుబుక్కులో రాసుకుని ఆశా కార్యకర్తకు, పొదుపు సంఘం లీడరుకు చెప్పాలి. దీనికి జీవో అక్కర్లేదు. వలస పోయినవాళ్లు రెండు నెలలు పింఛను తీసుకోలేకపోతే మూడో నెల కలిపి ఇస్తారన్న సంగతి కూడా చెప్పండి, చాలామందికి తెలీదు.

వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. మనసు బాగాలేనప్పుడు టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. ఉచిత న్యాయ సహాయం 15100. ఈ మూడు నంబర్లు అవ్వ ఫోనులో ఎక్కించి, పేరుకు బదులు గుర్తులు పెట్టి, ఒకసారి నొక్కించి చూపించి రండి.